విదేశీ సాయంతో వేసిన బోరింగులు ఎన్నాళ్లు నీళ్లిస్తాయి?

పేద దేశాల్లో తాగునీళ్లకీ మరుగుదొడ్లకీ విదేశాలు ఇచ్చే డబ్బు జనానికి నిజంగా అందుతుందా, మనలాంటివాళ్లం విరాళం ఇస్తే బూడిదలో పోసిన పన్నీరవుతుందా అని అడిగారు. అందుతుంది. కట్టిన రోజుకన్నా కట్టిన మూడో ఏట ఏం జరుగుతుందో ఆలోచించిన చోట అందుతుంది.

తూర్పు ఆఫ్రికాలో, ఐరోపా దాతల డబ్బుతో నడిచిన ఒక పథకంలో మూడేళ్లు ఫీల్డు ఇంజినీరుగా చేశాను. బోరు వేయించడం, అఫ్రిదేవ్ రకం బోరింగు బిగించడం, ఊరి కమిటీకి అప్పగించి ఫొటోతో రిపోర్టు పంపడం. అక్కడితో మా లెక్క పూర్తయ్యేది.

పథకం ముగిసిన రెండేళ్లకు వేరే పని మీద అటు వెళ్లి, మేం బిగించిన ఒక బోరింగు దగ్గర ఆగాను. పిడిని తాడుతో కట్టేసి ఉంచారు. విప్పి నలభైసార్లు కొట్టినా చుక్క రాలేదు. ఆడవాళ్లు కింద వాగు ఇసుకలో గుంట తీసి, ఊరిన నీళ్లను చిప్పతో డబ్బాల్లోకి తోడుకుంటున్నారు. రాడ్లు పైకి లాగి చూస్తే పిస్టన్ మీది రబ్బరు సీలు అరిగిపోయి ఉంది. చేతి గాజుకన్నా చిన్న వస్తువు. అది దొరికే కొట్టుకు ఒక రోజు ప్రయాణం. కమిటీ డబ్బు దాచిన మనిషి ఊరు వదిలి వెళ్లిపోయాడు. మా బడ్జెట్‌లో డ్రిల్లింగుకు పద్దు ఉంది, జీపులకు ఉంది, శిక్షణ రోజు భోజనాలకూ ఉంది. ఆ సీలుకు లేదు. ఆ గుంట దగ్గర నిలబడ్డ అరగంట ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

అసలు 1980లలో అఫ్రిదేవ్‌ను తయారుచేసిందే ఊరివాళ్లు సొంతంగా బాగుచేసుకోవాలని. ఒక్క పానా చాలు, పైపులు కదపకుండానే పిస్టన్ బయటికొస్తుంది. అదే జిల్లాలో ఇంకో ఊళ్లో ఒకామె ఆ పానాను గుడ్డలో చుట్టి ఇంట్లో దాచుకుంది. నా కళ్లముందే గంటలోపు సీలు మార్చేసింది. ఆ ఊరివాళ్లు మేం పెట్టిన నెలవారీ చందాను మొదట్లోనే మానేసి, పంట చేతికొచ్చినప్పుడు ఒక్కసారే వసూలు చేసుకున్నారు. నెలనెలా డబ్బు ఆడేది జీతగాళ్ల చేతుల్లోగానీ రైతుల చేతుల్లో ఎక్కడ? మా ఆఫీసులో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు, నాతో సహా.

మరుగుదొడ్లు ఇంకా కష్టం. మేం రేకుల కప్పుతో కట్టించినవాటిలో కొందరు మొక్కజొన్న బస్తాలు పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. వానకు కారని కప్పు ఆ ఇంటికి అదొక్కటే. గుంత నిండితే ఎవరు తీయాలి, తీసింది ఎక్కడ పోయాలి అన్నదానికి మా పథకంలో జవాబే లేదు.

నీళ్లొచ్చాయి కదా అని ఊరుకోవడానికీ లేదు. చెరువు నీళ్ల విరేచనాలు తగ్గించాలని బంగ్లాదేశ్‌లో 1970లలో యూనిసెఫ్ లాంటి సంస్థల సాయంతో గొట్టపుబావులు విరివిగా వేశారు. వేసేటప్పుడు భూమి పొరల్లోంచి నీళ్లలో కలిసే ఆర్సెనిక్ అనే విషం కోసం పరీక్షించలేదు. అది నీళ్లలో ఉందని 1993లో బయటపడింది. తర్వాత లక్షల బావులను పరీక్షించి, తాగకూడనివాటికి ఎరుపు, తాగదగ్గవాటికి ఆకుపచ్చ రంగు వేయాల్సి వచ్చింది.

సాయం ఆపేస్తే మేలా అంటే, అదీ చూశాం. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని హఠాత్తుగా నిలిపేయడంతో చాలా దేశాల్లో నీటి పనులు సగంలో ఆగాయి.

కాబట్టి ఇవ్వండి. ఇచ్చేముందు ఆ సంస్థను అడగండి: ఐదేళ్ల కిందట మీరు వేసినవాటిలో ఈ రోజు ఎన్ని నీళ్లిస్తున్నాయి? చెడితే ఎవరు బాగుచేస్తున్నారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? ఊళ్లవారీగా లెక్క చూపించగలిగినవాళ్లకు ఇవ్వండి. మా పథకంలో ఆ లెక్క ఎన్నడూ తీయలేదు.