అడ్వాన్సు పోతే పోనివ్వండి, ఈ ఆదివారం వెళ్లకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 24 ఏళ్లు, విజయవాడలో ఉద్యోగం. మా నాయనమ్మ పోయి రెండేళ్లయింది. పాత పాసుబుక్కులో ఉన్న ఆవిడ తెలుగు సంతకాన్ని ముంజేతి మీద పచ్చబొట్టుగా వేయించుకోవాలని అప్పటినుంచీ కోరిక. ఒక టాటూ షాపులో వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. సంతకం ఒక్కటే బోసిగా ఉంటుందని షాపాయన దాని చుట్టూ రంగురంగుల తామరపూలు గీశాడు, 'నన్ను నమ్మండి' అంటున్నాడు. అది చూసినప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. స్నేహితురాలేమో పిరికిదానివంటోంది. అమ్మకి మొదటినుంచీ ఇష్టం లేదు. ఆదివారం రమ్మన్నారు. వెళ్లనా, మాననా?

జవాబు: రెండేళ్లుగా ఈ కోరిక మీ నిద్ర చెడగొట్టలేదు. పూలు వచ్చి చేరాకే చెడింది. కాబట్టి ఇది పిరికితనం కాదమ్మా. సూది భయానికీ, డిజైను నచ్చకపోవడానికీ తేడా తెలుసుకోవడం తేలికే. నొప్పి అయిపోయింది, చెయ్యి మానింది అనుకుని కళ్లు మూసుకోండి. పూలతో ఉన్న చెయ్యిని ఒకసారి, ఒట్టి సంతకం ఉన్న చెయ్యిని ఒకసారి ఊహించుకోండి. ఒట్టి సంతకానికి మనసు తేలికపడి, పూలకి బిగుసుకుంటే అడ్డుపడుతున్నది సూది కాదు, పూలు.

సంతకాన్ని రెండు మూడు సైజుల్లో జిరాక్సు తీయించి, నచ్చినదాన్ని చూసి పెన్నుతో చేతి మీద రాసుకోండి. చెరిగినప్పుడల్లా మళ్లీ రాసుకుంటూ రెండు వారాలు ఆఫీసుకీ, పెళ్లిళ్లకీ అలాగే వెళ్లండి. అక్షరం మరీ చిన్నదైతే ఇబ్బంది. సిరా చర్మం లోపలి పొరలో ఏళ్లు గడిచేకొద్దీ కాస్త పరుచుకుంటుంది, తెలుగు గుండ్రాలు, ఒత్తులు పూడుకుపోతాయి. అక్షరం ఎత్తు సెంటీమీటరుకు తగ్గకుండా చూసుకోండి. వేసేవారికి తెలుగు చదవడం రాకపోతే ఒత్తు ఒక గీతలా మారిపోయే ప్రమాదం కూడా ఉంది.

సూది పెట్టేముందు చర్మం మీద స్టెన్సిల్, అంటే డిజైను గీతల అచ్చు, అద్దుతారు. అప్పుడు కుర్చీలోంచి లేచి, చెయ్యి కిందికి వదిలి చూసుకోండి. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి, అందుకని ఫోన్ వెనక కెమెరాతో ఫొటో తీసుకుని చదవండి. స్టెన్సిల్ తుడిస్తే పోతుంది. మూడుసార్లు తుడిపించినా మొహమాటపడక్కర్లేదు, సూది పడ్డాక తుడిచేది ఉండదు.

సూది ప్యాకెట్టు మీ కళ్లెదుటే చించాలి. సిరాని కొత్త చిన్న కప్పులో పోయాలి, మిగిలింది పారేయాలి. ఒకరికి వాడిన సూది, సిరా మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంది. ఇవి అడిగితే విసుక్కునే చోట ఉండనే వద్దు. చెవులు కుట్టించుకున్నచోట గడ్డలా పెరిగిన చరిత్ర ఉంటే ముందు చర్మవైద్యులను కలవండి.

రంగులు వద్దనడానికి ఇంకో కారణం: ఎప్పుడైనా చెరిపించుకోవాలంటే లేజరుకి నలుపు లొంగినట్టు పసుపు, ఆకుపచ్చ లొంగవు. నలుపుకైనా వారాల తేడాతో చాలా సిట్టింగులు పడతాయి. మీరు రక్తదానం చేసేవారైతే పచ్చబొట్టు తర్వాత ఏడాది ఆగాలి. బెజవాడ మే ఎండల్లో అసలు వద్దు. పైచర్మం మానడానికి పట్టే రెండు మూడు వారాలూ చెమట, ఎండ తగలకూడదు, కృష్ణలో మునగకూడదు, పొక్కు గిల్లకూడదు.

అమ్మ మాట వేరే సంగతి. ఆవిడ అయిష్టాన్ని మీ అనుమానంలో కలిపేయకండి. చేతి మీద పచ్చబొట్లున్న పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు, కాబట్టి అది ఆవిడకి కొత్తేమీ కాదు. పాసుబుక్కు తీసి ఆ సంతకం చూపించి, ఎందుకు వేయించుకోవాలనుకుంటున్నారో చెప్పండి. అప్పటికీ వద్దంటే కారణం అడిగి వినండి. నిర్ణయం మాత్రం మీదే.

షాపుకి ఇవాళే మెసేజ్ పెట్టండి: 'ఆదివారం రావడం లేదు. పూలు వద్దు, సంతకం ఒక్కటే, నలుపులో కావాలి. వేస్తానంటే స్టెన్సిల్ చూసుకోవడానికి ఇంకో రోజు వస్తాను.' కాదంటే ఆ వెయ్యి వదిలేసి ఇంకో షాపు చూసుకోండి.