సిరోంచ రాళ్లు, ఆదికాండము: జువాలజీ చదువుతున్న క్రైస్తవ విద్యార్థికి నా జవాబు

మీ ప్రశ్న ఇది: "బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. క్లాసులో పరిణామం, చర్చిలో ఆరు దినాల సృష్టి. రెండింటినీ ఒప్పుకునే క్రైస్తవులు ఉన్నారా? లేక ఏదో ఒకటి వదులుకోవాలా?"

ఉన్నారు. భూమి చాలా పాతదని ఒప్పుకున్న క్రైస్తవులైతే డార్విన్ కంటే ముందు నుంచీ ఉన్నారు.

నేను మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో సైన్సు టీచర్ని. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆదివారం మళ్లీ తెలుగు బైబిలు. పదో తరగతిలో 'ఉత్క్రాంతి' (మరాఠీలో పరిణామం) పాఠం చెప్పిన వారమే యూత్ మీటింగ్‌లో "మనం కోతి నుంచి వచ్చామనే వాళ్లను నమ్మకండి" అనే ప్రసంగం వినడం నాకు అలవాటే. (ఇప్పటి కోతి నుంచి మనిషి పుట్టాడని పాఠంలో ఎక్కడా లేదు. ఇద్దరికీ పూర్వికులు ఒకరేనని ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ ప్రసంగం మాత్రం మారదు.)

మా తాలూకాలో ఈ వాదనకు కావలసిన సరుకంతా నేలలోనే ఉంది. ఇక్కడి పోచంపల్లి దగ్గర 1961 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే పెద్ద రాక్షసబల్లి ఎముకలు దాదాపు మూడు వందలు దొరికాయి. అది ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి దానికి బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది, పొడవు 14 మీటర్లు. ఎముకలతో పాటు రాయిగా మారిన చెట్ల మానులు కూడా అక్కడే దొరికాయి.

అలాంటి మానులే వడధం ఫాసిల్ పార్కులో కూడా ఉన్నాయి. మా బాపును ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. ఆయన ఫారెస్టు డిపోలో టేకు దుంగలు కొలిచిన మనిషి, చర్చి పెద్ద కూడా. రాయి మీద చెయ్యి వేసి "ఇది చెట్టే" అన్నాడు. వెంటనే "నోవహు కాలం జలప్రళయంలో కొట్టుకొచ్చింది" అన్నాడు. నవ్వేసే మాట కాదు అది. ఆ రాక్షసబల్లుల మంద, ఆ మానులు పెద్ద వరదలోనే కొట్టుకొచ్చి ఉంటాయని పరిశోధకులు కూడా అంటారు. కానీ ఆ వరద పొరకు పైన పలుచని సున్నపురాయి పొరలు ఉన్నాయి, వాటిలో చేపల శిలాజాలు ఉన్నాయి. అవి నిలకడగా ఉన్న చెరువు నీళ్లలో ఏర్పడే పొరలు. కింద ఇంకా పాత పొరలు, ప్రాణహిత నది అవతలి మాలేరి ఊరి పేరుతో వాటిని మాలేరి పొరలు అంటారు, వాటిలో వేరే రకం జంతువులు. ఒకే ప్రళయం అన్నిటినీ కలిపి ముంచి ఉంటే మాలేరి జంతువులు, బారపాసారస్ కలగలిసి దొరకాలి. అలా దొరకలేదు. బాపుకు ఇదంతా చెప్పాను. "సరే, నది వరదలు చాలా వచ్చి ఉంటాయి, నోవహుది వేరే" అన్నాడు. ఆయన అంతవరకు వచ్చాడు, నేను అక్కడితో ఆపేశాను.

ఈ రాళ్లను మొదట శ్రద్ధగా చదివినవాళ్లలో ఒక మిషనరీ ఉన్నాడని మా చర్చిలో చాలామందికి తెలియదు. స్టీఫెన్ హిస్లాప్, స్కాట్లాండ్ ఫ్రీ చర్చి మనిషి. 1845లో నాగపూర్ వచ్చాడు. సువార్త, బడి, శిలాజాలు, మూడు పనులూ కలిపి చేశాడు. ప్రాణహితకు అవతల మాలేరి దగ్గర ఆయన సేకరించిన చేప పళ్లకు 1859లో ఆయన పేరే పెట్టారు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆ మాలేరి రాళ్లలోనే తరువాత దొరికిన మొసలి లాంటి జంతువుకు పారాసూకస్ హిస్లోపి అని, మరొక జంతువుకు హైపరోడాపెడాన్ హక్స్‌లీ అని పేర్లు పెట్టారు. ఈ హక్స్‌లీ డార్విన్ తరఫున గట్టిగా వాదించినవాడు. మిషనరీ పేరు, హక్స్‌లీ పేరు ఒకే రాతిలో. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు లేచి కూర్చుంటారు.

భూమి చాలా పాతదంటే హిస్లాప్‌కు టెన్షన్ ఎందుకు లేదు? ఆయన సంఘానికి నాయకుడైన థామస్ చామర్స్ 1814 నాటికే ఒక దారి చూపించాడు. "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అన్న మొదటి వచనానికీ, "నిరాకారముగాను శూన్యముగాను" అన్న రెండో వచనానికీ మధ్య ఎంత కాలమైనా గడిచి ఉండవచ్చన్నాడు. మరికొందరు ఒక్కో దినాన్ని ఒక్కో యుగంగా తీసుకున్నారు. "ప్రభువు దృష్టికి ఒక దినము వెయ్యి సంవత్సరములవలె" అన్న పేతురు మాట వాళ్లకు ఆధారం. ఇంకా వెనక్కి వెళితే, నాలుగో దినాన సూర్యుడు వచ్చాడంటే అంతకు ముందు మూడు దినాలు ఎలాంటివని 5వ శతాబ్దంలోనే అగస్టీన్ అనే బిషప్ ఆలోచించాడు. ప్రకృతి విషయాల్లో క్రైస్తవులు తెలియని మాటలు మాట్లాడి అన్యుల ముందు నవ్వులపాలు కావద్దని కూడా హెచ్చరించాడు. భూమి వయసు ఆరు వేల ఏళ్లేనని, శిలాజాలన్నీ ప్రళయానివేనని ఇప్పుడు మనం వినే బోధ బాగా వ్యాపించింది 1961లో అమెరికాలో మోరిస్, విట్‌కాంబ్ రాసిన పుస్తకం తరువాతే. మా ఊరి దగ్గర బారపాసారస్ బయటపడిన కాలమే అది, చూడండి. ఆరు వేల లెక్క మాత్రం పాతదే. 17వ శతాబ్దంలో ఆర్చ్‌బిషప్ అషర్ వంశావళులు కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు.

కథోలికుల్లో 1950లో పోపు 12వ పయస్ మనిషి శరీరం ఎలా వచ్చిందో పరిశోధించడానికి అభ్యంతరం లేదన్నాడు, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా ఇస్తాడన్నాడు. మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఇవాంజెలికల్ క్రైస్తవుడు, పరిణామాన్ని ఒప్పుకుంటాడు. నా మొగ్గు కూడా అటే. "భూమి పుట్టించుగాక" అని దేవుడు పలికాడని అదే అధ్యాయంలో ఉంది. భూమి ఎలా పుట్టించిందో వెతకడం పాపమెలా అవుతుంది?

మొదటి జీవం ఎలా వచ్చిందన్నది మాత్రం వేరే ప్రశ్న. పరీక్షలో కూడా కలపకండి. పరిణామ సిద్ధాంతం జీవం ఉన్న తరువాతి కథ. 1953లో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిలో విద్యుత్తు మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు రాబట్టాడు. అక్కడి నుంచి జీవకణం దాకా దూరం చాలా ఉంది, ల్యాబులో ఇంతవరకు ఎవరూ దాటలేదు. మన ప్రసంగీకులు వెంటనే "చూశారా, దేవుడే" అంటారు, పాశ్చర్ పేరు కూడా తెస్తారు. మరిగించిన పులుసులో క్రిములు వాటంతట అవి పుట్టవని పాశ్చర్ చూపించాడు. 350 కోట్ల ఏళ్ల కింద సముద్రంలో ఏం జరిగిందో ఆయన పరీక్షించలేదు. రేపు ఎవరైనా కణం తయారు చేస్తే ఆ ప్రసంగం ఏమవుతుంది? సైన్సుకు ఇంకా తెలియని చోట దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసినప్పుడల్లా ఆయన్ను లేపాల్సి వస్తుంది.

ఇంట్లో అసలు గొడవ భూమి వయసు మీద రాదు, ఆదాము మీద వస్తుంది. పాపం వల్ల మరణం వచ్చిందని రోమా పత్రిక 5:12 చెబుతుంటే, మనిషికి ముందే కోట్ల ఏళ్లు జంతువులు ఎలా చనిపోయాయని అడుగుతారు. మంచి ప్రశ్న, దాటేయకండి. ఆ వచనం "మనుష్యులందరు పాపము చేసినందున" మరణం వచ్చిందంటుంది, జంతువుల మాట ఎత్తదు. మరణమంటే అక్కడ దేవునికి దూరం కావడమని చదివే పండితులు కూడా ఉన్నారు. అందరూ ఒప్పుకోరు. మా బాపు ఒప్పుకోలేదు. అయినా ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చుంటాం.

పరీక్షలో మాత్రం సిలబస్‌లో ఉన్నదే రాయండి, అందులో విశ్వాసద్రోహం ఏమీ లేదు. బారపాసారస్ చూడాలంటే కలకత్తా దాకా వెళ్లాలి గానీ, దాని చుట్టం కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లోనే ఉంది, ప్రాణహిత అవతలి యామన్‌పల్లి దగ్గర దొరికింది. వెళ్లేటప్పుడు వీలైతే మీ పాస్టరు గారిని కూడా పిలవండి, టికెట్ మీరే తీయండి.