కాలనీ రోడ్ల మీద సైకిల్ వాళ్లకీ, కారు వాళ్లకీ గొడవలెందుకు?

"ఖాళీ ఉంది కదా, సైకిల్‌ని అంచున తొక్కొచ్చుగా?" అని కారు నడిపేవాళ్లు అడుగుతుంటారు. గొడవల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

హైదరాబాద్ కాలనీల్లో రోడ్డు అంచున ఉండేవి ఇసుక, కుంగిన మ్యాన్‌హోల్ మూతలు, వరసగా పార్క్ చేసిన కార్లు. ఆగి ఉన్న కారు డోరు ఒక్కసారిగా తెరుచుకుంటే సైకిల్ మీద ఉన్నవాళ్లకు తప్పించుకునే చోటుండదు. అందుకే కాస్త లోపలికి జరిగి తొక్కుతారు. వెనకున్న డ్రైవర్‌కి ఇవేవీ కనిపించవు, దారికి అడ్డం వచ్చారనే అనిపిస్తుంది. హారన్ కొడతాడు. ఆ మోతకు సైకిల్ తడబడితే ప్రమాదం మరీ ఎక్కువ.

బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లో 2022 నుంచి దీన్ని స్పష్టంగా రాశారు: గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల ఎడం వదలాలి. మన సందుల్లో అంత చోటు లేకపోతే, చోటు దొరికేదాకా వెనకే నెమ్మదిగా రావడం తప్ప మార్గం లేదు.

కావాలని కారును సైకిల్ మీదికి తెస్తే అది నేరమే. ప్రాణానికి ముప్పు తెచ్చేలా బండి నడిపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు. అక్కడ వాదనకు దిగకండి. బండి నంబర్ గుర్తుపెట్టుకుని 112కి ఫోన్ చేయండి.