ఓపీ ఆపరేషనే కదా అంటే బిల్లు ఇంతెందుకు?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆయనకి హెర్నియా ఆపరేషన్, అవుట్‌పేషెంటే, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చన్నారు. కానీ హాస్పిటల్లో అయితే 14,200 డాలర్లట, ఆపరేషన్ చేసి అదే రోజు పంపేసే సర్జరీ సెంటర్లో 6,300 అట, సర్జన్ మాత్రం ఒకరే. ఫ్యామిలీ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టేలోపు ముందు మేం పెట్టుకోవాల్సింది 4,000, ఆ తర్వాత 20 శాతం మాది, ఏడాదికి మేం కట్టేది ఇంతకు మించదు అనే అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాక్స్ 8,000. వైద్యం ఖర్చులకని పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతాలో 2,800 ఉన్నాయి. నాకు నవంబర్ ఆఖర్లో డెలివరీ. చేతిలో తక్కువపడ్డది క్రెడిట్ కార్డు మీద గీకేద్దామా?

జవాబు: మన దగ్గర ఓపీ అంటే చీటీ రాయించుకుని, బెంచీ మీద కూర్చుని, మందులు రాయించుకు రావడం, అదే మన బుర్రలో ఉండిపోయిందండి. అమెరికాలో అవుట్‌పేషెంట్ అంటే అడ్మిట్ చేసుకోలేదని మాత్రమే. మత్తిచ్చి, కోసి, కుట్టి పంపినా అదే, రాత్రి అబ్జర్వేషన్ అని అక్కడే పడుకోబెట్టినా బిల్లులో అదే. 1970లో ఫీనిక్స్‌లో మత్తు డాక్టర్లు ఇద్దరు కలిసి మొదటి సర్జరీ సెంటర్ పెట్టారు, 1982 నుంచి పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ కూడా ఇలాంటి సెంటర్లకి డబ్బు కట్టడం మొదలెట్టింది, ఆ మరుసటేడు హాస్పిటళ్లకి జబ్బుని బట్టి ఫిక్స్‌డ్ రేటు పెట్టేసరికి పేషెంట్‌ని ఎక్కువ రోజులు ఉంచుకుంటే వాళ్లకే నష్టం అయింది. అలా ఒక్కో ఆపరేషనూ ఓపీలోకి వచ్చేసి 2018కల్లా మోకాలి మార్పిడి దాకా వచ్చింది.

మరి ఒకే సర్జన్‌కి రెండు రేట్లేంటి అంటే, తేడా అంతా ఫెసిలిటీ ఫీజులో, అంటే ఆపరేషన్ చేసే చోటుకి కట్టేదాంట్లో ఉంటుంది. హాస్పిటల్‌కి ఇరవైనాలుగు గంటల ఎమర్జెన్సీ, ఐసీయూ ఖర్చులుంటాయి, అవి మీ హెర్నియా మీద కూడా పడతాయి. నాకూ తగిలిందిలెండి, భుజానికి ఎమ్మారై తీయించుకుంటే మామూలు క్లినిక్ అనుకున్నా, బిల్లొచ్చాక చూస్తే ఆ బిల్డింగ్ హాస్పిటల్ వాళ్లదట, డాక్టర్ ఫీజు కింద ఇంకో లైను, దానికి ఇంకో అంకె.

ఇప్పుడు మీ లెక్క. హాస్పిటల్లో అయితే 4,000 పోను మిగిలిన 10,200లో 20 శాతం, మొత్తం 6,040. సెంటర్లో 4,460. అంటే 1,580 మిగిలినట్టే, కానీ డెలివరీ ఉంది కదా! మీ కాన్పుకి, బిడ్డకి కలిపి ఇన్సూరెన్స్ ఒప్పుకున్న రేటు 17,000 అనుకోండి, డిడక్టిబుల్ అప్పటికే అయిపోతుంది కాబట్టి మీ వంతు అందులో 20 శాతం, ఇంకో 3,400. సెంటర్లో చేయించుకుంటే ఏడాది మొత్తం 7,860, హాస్పిటల్లో అయితే 8,000 దగ్గర ఆగిపోతుంది. తేడా 140 డాలర్లే. కాబట్టి సెంటరా హాస్పిటలా అన్నదానికంటే రెండూ ఈ ఏడాదిలోనే అయిపోవడం ముఖ్యం, మీ ప్లాన్ జనవరిలో మారేదైతే ఆపరేషన్‌ని సంక్రాంతి తర్వాత చూద్దాంలే అని తోస్తే మళ్లీ 4,000 డిడక్టిబుల్ మొదటినుంచి.

కార్డు మాత్రం వద్దు. చాలా చోట్ల వడ్డీ లేకుండా నెలనెలా కట్టుకోనిస్తారు, మనం అడిగితేనే చెప్తారు. ఆ లోపు జీతంలోంచి హెచ్‌ఎస్‌ఏకి కోత పెంచండి, 2026కి ఫ్యామిలీ లిమిట్ 8,750, కంపెనీ వేసేది కూడా అందులోకే వస్తుంది. పేరోల్ ద్వారా వేస్తే ఇన్‌కమ్ ట్యాక్సే కాదు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం కూడా మిగులుతుంది, ఆ డబ్బుతోనే బిల్లు కట్టొచ్చు. సొంత డబ్బు కట్టినా రసీదు దాచుకోండి, తర్వాతెప్పుడైనా తీసుకోవచ్చు, గడువేం లేదు.

సర్జన్ ఆఫీసుని సీపీటీ కోడ్, అంటే బిల్లులో ఆపరేషన్‌కి వేసే నంబర్ అడగండి, గజ్జల్లో వచ్చే మామూలు హెర్నియాని కోసి చేస్తే 49505, ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి చేసేది) అయితే 49650. ఆ కోడ్, రెండు బిల్డింగుల పేర్లు పెట్టుకుని ఇన్సూరెన్స్‌కి ఫోన్ చెయ్యండి, ఆ 6,300లో మత్తు డాక్టర్ ఫీజు ఉందో లేదో కూడా అడగండి, చాలా ఎస్టిమేట్లలో అది ఉండదు. సెంటర్ ఇన్‌నెట్‌వర్క్ అయితే, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నదైతే, మత్తు డాక్టర్ బయటివాడైనా అదనంగా గుంజకుండా 2022 నుంచి చట్టం ఉంది, ఆ భయం లేదు.

అన్నట్టు, మీ ఆయనకి గురక, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా ఉండి రాత్రి మెషిన్ పెట్టుకుంటారా? గుండె ఇబ్బంది ఏమైనా ఉందా? ఉంటే ఆ 140 డాలర్ల కోసం సెంటరే అని పట్టుబట్టకండి, మత్తు డాక్టర్ ఎక్కడ చేద్దామంటే అక్కడే.