ముందు కారు తనే నెమ్మదించింది, నేను దాటాను. ఎల్లో ఫ్లాగ్ పెనాల్టీ న్యాయమేనా?

మీరు అడిగింది ఇదీ: క్లబ్ రేసులో ఎల్లో ఫ్లాగ్ (ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించండి, ఎవర్నీ దాటకండి అని చెప్పే పసుపు జెండా) ఊపుతున్న చోట ముందున్న కారు బాగా నెమ్మదించింది, పక్కన చోటు దొరికింది, దాటేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఫలితాల్లో మిమ్మల్ని కొన్ని స్థానాలు కిందికి దించారు. ఇది అన్యాయం కాదా అని.

నా దృష్టిలో పెనాల్టీ సరైనదే. ముందు డ్రైవర్ నెమ్మదించాడంటే జెండా చూసి తను చేయాల్సిన పని చేశాడన్నమాట. మాట విని వేగం తగ్గించినవాణ్ణి వెనకవాడు దాటిపోవచ్చంటే, వచ్చే రేసు నుంచి ఒక్కడూ బ్రేక్ మీద కాలు వేయడు. అందుకే మీకు లాభం కలిగిందా, ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

నేను ఉత్తర కాలిఫోర్నియాలో మియాటా అనే చిన్న మాజ్దా స్పోర్ట్స్ కారు నడుపుతాను. రేసు లేని వారాంతాల్లో ఫ్లాగ్ స్టేషన్‌లో, అంటే ట్రాక్ పక్కన జెండాలు చూపే చోట, వలంటీర్‌గా నిలబడతాను. విల్లోస్ ఊరి దగ్గర థండర్‌హిల్ ట్రాక్ ఉంది. అక్కడ ఐదో మలుపును సైక్లోన్ అంటారు. గుట్ట ఎక్కి, పైన తిరిగి, అవతలికి దిగాలి. ఎక్కుతున్నంతసేపూ డ్రైవర్‌కు ఎదురుగా ఆకాశమే. అవతల ఒక కారు అడ్డం తిరిగి ఆగిపోయినా, పక్కకు వచ్చేదాకా తెలిసే దారి లేదు, జెండా తప్ప.

మా స్టేషన్‌లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. బ్లూ ఫ్లాగ్ (వెనక వేగమైన కారు వస్తోందని చెప్పే నీలం జెండా) మనిషి వస్తున్న కార్లను చూస్తాడు. ఎల్లో ఫ్లాగ్ మనిషి కార్లు వెళ్లే వైపు చూస్తాడు, అంటే వచ్చే కార్లకు వీపు పెట్టి. ఒకరి వీపు ఇంకొకరు కాయాలి. బట్టలు తెల్లవే వేసుకుంటాం. ఎరుపో పసుపో వేసుకుంటే దూరం నుంచి జెండా అని పొరబడతారు. గంటకు 160 కిలోమీటర్ల మీద కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది. మంటలార్పే సిలిండర్ పట్టుకుని మనిషి ట్రాక్ దాటడానికి మూడు సెకన్లు పట్టినా, ఆ లోపు మీ కారు 130 మీటర్లు వచ్చేస్తుంది. మీరు దాటే సమయానికి అక్కడ మనిషి లేకపోవడం అదృష్టం. ఉన్నాడో లేడో మీకు కనబడలేదు కదా, అసలు సమస్య అదే.

ఇక నియమం. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది హద్దుల దగ్గరే. నిషేధం మొదలయ్యేది ప్రమాదం జరిగిన చోట కాదు, జెండా ఉన్న స్టేషన్ దగ్గర. ఆ స్టేషన్‌కు చేరేలోపు దాటడం పూర్తయితే సరే. అక్కడికి వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కన ఉంటే, దాటబోయేవాడే వెనక్కి తగ్గాలి. 'నా ముందు చక్రం అప్పటికే అతని డోర్ పక్కన ఉంది' అన్న వాదన స్టీవార్డుల (రేసులో తీర్పు చెప్పే అధికారుల) దగ్గర నిలబడదు.

నిషేధం ఎక్కడ ముగుస్తుందో మాత్రం రూల్‌బుక్‌ను బట్టి మారుతుంది. ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) నియమాల్లో ప్రమాద స్థలం దాటేదాకా. ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ రేసింగ్ నియంత్రణ సంస్థ) పద్ధతిలో నడిచే రేసుల్లో ప్రమాదం తర్వాత ఊపే గ్రీన్ ఫ్లాగ్ దాకా. రెండు ఎల్లో జెండాల సంగతి ఇంకా గందరగోళం. ఎస్‌సీసీఏ రేసులో అన్ని స్టేషన్లలోనూ రెండేసి జెండాలు చూపారంటే ట్రాక్ మొత్తం ఎల్లో కింద ఉన్నట్టు. ఎఫ్‌ఐఏ పద్ధతిలో రెండు జెండాలు ఊపితే, ఆ ముందు చోటే ట్రాక్ పూర్తిగానో కొంతో మూసుకుపోయిందని, లేదా ట్రాక్ మీదో పక్కనో మార్షల్స్ (ట్రాక్ సిబ్బంది) పని చేస్తున్నారని అర్థం. ఎఫ్‌ఐఏ పద్ధతి నడిచే చెన్నైలో రేసులు చూసి ఇక్కడికి వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ తేడానే. దుబాయ్ 24 గంటల రేసులో ఇంకో పద్ధతి ఉంది, కోడ్ 60: ఊదా రంగు జెండా కనబడితే అందరూ గంటకు 60 కిలోమీటర్లకు తగ్గాల్సిందే. వాదనకు తావు లేని ఆ నియమం నాకు చాలా నచ్చుతుంది.

అందరూ ఓవర్‌టేక్ గురించే మాట్లాడతారు గానీ, నాకు ఎక్కువ భయం వేగం గురించి. ఎవర్నీ దాటకుండానే, అదే వేగంతో, ఎల్లో కింద దూసుకుపోయే డ్రైవర్లను స్టేషన్ నుంచి చూస్తుంటే గుండె దడదడలాడుతుంది. 2014 అక్టోబర్ 5న సుజుకాలో వానలో జరిగిన ఫార్ములా వన్ రేసులో రెండు ఎల్లో ఫ్లాగ్‌లు ఊపుతుండగానే జూల్స్ బియాంకీ కారు అదుపు తప్పి, ఇంకో కారును తీస్తున్న క్రేన్ వాహనాన్ని ఢీకొంది. వేగం తగినంత తగ్గలేదని ఎఫ్‌ఐఏ విచారణ చెప్పింది. 2015 జులై 17న ఆయన చనిపోయారు. ఆ ఏడాదే వర్చువల్ సేఫ్టీ కార్, అంటే ట్రాక్ మొత్తం మీద అందరూ నిర్ణీత వేగానికి తగ్గాల్సిన పద్ధతి, వచ్చింది. ప్రపంచంలోకెల్లా నైపుణ్యం ఉన్న డ్రైవర్ల సంగతే అలా ఉంటే, శనివారం ట్రాక్‌కు వచ్చే మనం ఇంకెంత తగ్గాలి? నా మటుకు నేను జెండా కనబడగానే కాలు తీసేస్తాను, వెనకవాడికి తెలిసేలా ఒక చెయ్యి పైకెత్తుతాను. స్టేషన్‌లో ఉన్నప్పుడు డ్రైవర్ చెయ్యి కనబడితే మాకూ ప్రాణం లేచొస్తుంది.

శిక్షలు క్లబ్‌ను బట్టి ఉంటాయి. ఎస్‌సీసీఏలో మందలింపు, జరిమానా, సమయం లేదా స్థానాల కోత, డిస్క్వాలిఫికేషన్, చివరికి లైసెన్స్ సస్పెన్షన్ దాకా వెళ్లవచ్చు. 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ లాంటి చవక కార్ల ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే) రేసులో అయితే వెంటనే బ్లాక్ ఫ్లాగ్. పిట్‌లోకి వచ్చి జడ్జీల ముందు నిలబడాలి. గడియారం మాత్రం ఆగదు, ల్యాపులు పోతూనే ఉంటాయి. పదేపదే పిలిపించుకుంటే మీ జట్టు రేసే అయిపోవచ్చు. వాటితో పోలిస్తే మీకు పడింది మధ్యస్థమైన శిక్షే.

పొరపాటున దాటేశారని గ్రహిస్తే వెంటనే, సురక్షితమైన చోట, ఆ స్థానం తిరిగి ఇచ్చేయండి. రూల్‌బుక్ మాఫీ చేస్తుందని కాదు. స్టీవార్డులు శిక్ష వేసేటప్పుడు అది చూస్తారు. మేము స్టేషన్ నుంచి రేడియోలో చెప్పేది ఫలానా నంబర్ ఫలానా నంబర్‌ను ఫలానా మలుపు దగ్గర దాటింది అని. దాన్ని రాసి కూడా ఇస్తాం.

మీరు పోరాడాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నంబర్ తప్పు రాసి ఉండవచ్చు. మీరు స్టేషన్ దాటాకే జెండా పైకి లేచి ఉండవచ్చు. లేదా మీరు దాటిన కారు పాడైపోయి పక్కకు తప్పుకుంటూ ఉండవచ్చు. వీటిలో ఏదైనా మీ వీడియోలో కనబడితే ఆలస్యం చేయకండి: ఎస్‌సీసీఏలో తాత్కాలిక ఫలితాలు పెట్టిన 30 నిమిషాల్లోపు ప్రొటెస్ట్ (అభ్యంతరం) రాసివ్వాలి. ఫ్లాగ్ స్టేషనూ, అక్కడి జెండా స్థితీ ఫ్రేమ్‌లోకి వచ్చేలా కెమెరా బిగించుకోండి. చాలామంది వీడియోల్లో స్టీరింగ్ బ్రహ్మాండంగా కనబడుతుంది, జెండా కనబడదు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ కేసులో ఆ మూడూ లేవు. తర్వాతి రేసుకు వెళ్లినప్పుడు మొదటి ప్రాక్టీస్‌లో ల్యాప్ టైమ్ పక్కన పెట్టి, ప్రతి ఫ్లాగ్ స్టేషన్ ఎటువైపు ఉందో ఒక్కొక్కటే వెతికి చూసుకోండి. డ్రైవర్స్ మీటింగ్‌లో రెండు ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఎల్లో ఎక్కడ ముగుస్తుంది, చెడిపోయిన కారు డ్రైవర్ చెయ్యి చూపి పొమ్మంటే దాటవచ్చా.