విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి బడిపిల్లల మానసిక ఆరోగ్యంపై అధ్యయనం: సంతకానికి ముందు ఏం తేల్చుకోవాలి?

కావలి దగ్గర స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నామని, తొమ్మిది, పది తరగతుల పిల్లల కుంగుబాటుపై కలిసి పనిచేద్దామని బ్రిటన్ విశ్వవిద్యాలయం ఒకటి పిలిచిందని, ఏం చూసుకుని ఒప్పుకోవాలని అడిగారు. కనిగిరి, పామూరు వైపు ఉన్నత పాఠశాలల్లో ఇలాంటి అధ్యయనానికి క్షేత్రస్థాయి పని చూశాను కనుక చెబుతున్నాను. తప్పకుండా చేయండి. కానీ ఒక్క సంగతి తేలేదాకా సంతకం పెట్టకండి: బతకాలని లేదని ఒక పిల్ల రాస్తే, ఆ రోజు బడి వదిలేలోపు ఎవరు ఏం చేస్తారు?

సాధారణంగా కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి వాడతారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే జాగ్రత్తపడతారు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం తక్కువే వచ్చినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర పిల్ల నిజం చెప్పి ఉండవచ్చు. మేము పనిచేసిన బడిలో పదో తరగతి అమ్మాయికి మొత్తం ఏడే వచ్చింది. తొమ్మిదో ప్రశ్నకు మాత్రం ‘కొన్ని రోజులు’ అని గుర్తు పెట్టింది. పిల్లలు గది దాటకముందే ఆ ప్రశ్నను విడిగా చూడాలన్నది మా నియమం. మా సహాయకురాలు ఆ అమ్మాయిని వరండా చివరకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా మాట్లాడింది. సాయంత్రానికి కౌన్సెలర్ ఇంటికి వెళ్లి, అమ్మమ్మతో మాట్లాడి, దొడ్లో ఉన్న పురుగుమందులకు తాళం వేయించారు. సమాధానాలు నేరుగా లండన్ సర్వర్‌కు చేరి, నెలాఖరున ఎవరో తెరిచి చూసే ఏర్పాటైతే ఇందులో ఏదీ జరిగేది కాదు.

ఫారం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అచ్చువేస్తే చాలదు. అది ఇరవైనాలుగు గంటలూ పనిచేసే మంచి సేవే, నంబరు ఇవ్వండి. దానితోపాటు ఇక్కడే ఉండే కౌన్సెలర్ జీతం బడ్జెట్‌లో రాయించండి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తే సరిపోతుంది కదా అని అవతలివారు అనవచ్చు. బిహార్‌లో జరిగిన సెహర్ అధ్యయనం చూపించండి: బడిలో ప్రత్యేకంగా నియమించిన, మానసిక వైద్య నిపుణులు కాని కౌన్సెలర్లు నడిపిన చోట మేలు కనిపించింది, అదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులు నడిపిన చోట కనిపించలేదు.

సమ్మతి పత్రం మరో చిక్కు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి, దానితోపాటు పిల్లల అంగీకారం కావాలి. మన మెట్ట ఊళ్లలో ఎంతోమంది తల్లిదండ్రులు హైదరాబాదు, బెంగళూరుల్లో పనుల్లో ఉంటారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతారు. అవ్వ వేలిముద్రతో సరిపెట్టుకోవచ్చా అన్నది పరిశోధనలో నైతిక నియమాలు చూసే ఎథిక్స్ కమిటీ ముందుగా తేల్చాలి. మేము సంక్రాంతికి వాళ్లు ఊరొచ్చినప్పుడు ఇంటింటికీ వెళ్లి మాట్లాడాం. ఆలస్యమైంది, కానీ నాన్నలతో నేరుగా మాట్లాడే వీలు అప్పుడే దొరికింది.

అనుమతుల విషయానికొస్తే, విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య మంత్రిత్వశాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం అవసరం. మీ సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే డబ్బు తీసుకోలేరు. 2020 సవరణ తర్వాత, అలా తీసుకున్నది మరో సంస్థకు మళ్లించడమూ కుదరదు.

సర్వే తేదీలు మీరే నిర్ణయించండి. వాళ్ల గడువుల కోసం ఫిబ్రవరి, మార్చిలో పెట్టమనవచ్చు. ప్రీఫైనల్స్ మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి నిద్ర పడుతోందా అని అడిగితే వచ్చేది పరీక్షల భయమే. దసరా తర్వాత పెట్టించండి. పిల్లల పేర్లూ, వాటి బదులు వాడే కోడ్లూ కలిపి ఉన్న రిజిస్టరు మీ బీరువాలోనే ఉండాలి, బయటికి కోడ్లు మాత్రమే వెళ్లాలి. ఈ రెండూ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి.