ఇప్పటి పిల్లలు లారెల్-హార్డీ చూసి నవ్వుతారా అంటే, నవ్వుతారు, కానీ రీల్స్‌లో కాదు

నలుపు తెలుపు కామెడీ షార్ట్ సినిమాలు ఇప్పటి పిల్లలకి ఎక్కుతాయా, ఎక్కితే ముందు ఏది చూపించాలి అని అడిగారు కదా. ఎక్కుతాయి, నాకు అనుమానమే లేదు. ముందు చూపించాల్సింది సన్నటి లారెల్, లావాటి హార్డీ, ఆ హాలీవుడ్ కామెడీ జంట చేసిన ది మ్యూజిక్ బాక్స్. 1932లో వచ్చింది, అరగంట కూడా ఉండదు, కామెడీ షార్ట్‌లకి ఆస్కార్ ఇవ్వడం మొదలుపెట్టిన మొట్టమొదటిసారే ఆ ఆస్కార్ దీనికి వచ్చింది. కాకపోతే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, మొదటి నుంచి చివరిదాకా చూడాలి, నలుగురు కూర్చుని చూడాలి. ఫోన్‌లో ఒక్కళ్ళే చూసి "ఏముంది ఇందులో, స్లోగా ఉంది" అనేవాళ్ళతో నాకు ఎప్పుడూ గొడవే.

కథ అంటూ పెద్దగా ఏం లేదు. ఇద్దరూ సామాన్లు చేరవేసే గుర్రబ్బండి వాళ్ళు, చెక్కపెట్టెలో ఉన్న పియానో ఒకటి ఒక ఇంటికి చేర్చాలి. ఆ ఇల్లెక్కడ అని పోస్ట్‌మాన్‌ని అడిగితే పైకి చూపిస్తాడు. 133 మెట్లు. అవి సెట్టింగ్ కూడా కాదు, లాస్ ఏంజెలస్‌లో సిల్వర్ లేక్ అనే పేటలో ఇప్పటికీ ఉన్నాయి. అదే మెట్ల మీద వీళ్ళిద్దరే 1927లో వాషింగ్ మెషిన్ మోసే మూకీ ఒకటి చేశారు, హ్యాట్స్ ఆఫ్ అని, దాని ప్రింట్ ఎక్కడా మిగల్లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మొన్న ఎండాకాలం సెలవులకి రాజమండ్రిలో మా అమ్మ దగ్గర అందరం చేరాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అక్క పిల్లలు తలో మూల ఫోన్ పట్టుకుని పడుకుంటే, నేనే టీవీలో ఇది పెట్టా. పెద్దవాడు తలెత్తి ఒకసారి చూసి "మావయ్యా, ఇది రీల్‌లో చూశాలే, పియానో కిందకి జారిపోద్ది, అంతేగా" అని మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు. నేనేం మాట్లాడలేదు. అమ్మ మాత్రం మంచం మీద కూర్చుని చూస్తోంది, ఆవిడకి ఇంగ్లీష్ ముక్క రాదు, అవసరం కూడా పడలేదు. సగం మెట్లు ఎక్కాక చంటిపిల్లని బండిలో తోసుకుంటూ ఒక ఆయా పైనుంచి దిగుతుంది, దారి ఇమ్మంటుంది, వీళ్ళు మర్యాదగా పక్కకి జరుగుతారు, పియానో వదిలేస్తారు, అది మెట్లన్నీ దడదడలాడుకుంటూ కిందకి పోతుంది, లోపల తీగలన్నీ ఘొల్లుమంటాయి. అప్పటికి నవ్వింది అమ్మ ఒక్కతే. రెండోసారి ఎక్కించడం మొదలుపెట్టగానే ఆవిడ టీవీతో మాట్లాడ్డం మొదలెట్టింది, "ఒరేయ్, వెనకాల ఒక చెక్కముక్క పెట్టండ్రా, మళ్ళీ జారిపోద్ది" అని. ఆవిడ అరుపులకి చిన్నది ఫోన్ పక్కన పెట్టి వచ్చి మంచం ఎక్కింది. పోలీసు పిలిచాడని లావాయన కిందకి దిగితే పియానో కూడా ఆయన వెనకే దిగొస్తుంటే పెద్దవాడు కూడా లేచి కూర్చున్నాడు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. నానా తిప్పలు పడి చివరికి పైకి చేర్చేస్తారు. అప్పుడు మళ్ళీ ఆ పోస్ట్‌మాన్ ఎదురుపడి, అయ్యో ఇంత కష్టం ఎందుకు పడ్డారయ్యా, బండిమీదే రావచ్చుగా, అటువైపు రోడ్డు ఉందిగా అంటాడు. వీళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చూసుకుని, పియానో ఎత్తుకుని, మెట్లన్నీ కిందకి దించడం మొదలుపెడతారు, బండెక్కించి రోడ్డు మీంచి తేవడానికి! మా అమ్మ "ఎక్కించేశారుగా, ఇప్పుడు కిందకెందుకురా" అని పైకి అనేసింది, పెద్దవాడు "అమ్మమ్మా, నిజంగానే దించేస్తున్నారు" అంటూ దిండులో మొహం పెట్టి పడిపోయి నవ్వుతున్నాడు, అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. రీల్‌లో అదే పియానో జారడం చూసి ఉలుకూ పలుకూ లేని పిల్లాడు వాడు. అన్ని మెట్లు ఎక్కే కష్టం వాడు రీల్‌లో చూడలేదు కదా మరి, రీల్ చేసినవాడు కోసిపారేశాడు. పడబోతున్నారని మనకి ముందే తెలిసిపోయి, పడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సి రావడంలోనే ఉంది నవ్వంతా.

ఇది నేను ఊహించి చెప్పట్లేదు. లారెల్-హార్డీలతో సినిమాలు తీసిన హాల్ రోచ్ స్టూడియో వాళ్ళు ఈ షార్ట్‌లని ముందు హాల్లో జనానికి ప్రివ్యూ వేసి, ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో చూసుకుని ఎడిటింగ్ చేసేవాళ్ళు. హార్డీ నెత్తిన ఏదో పడగానే కెమెరా వైపు తిరిగి మనల్నే చూస్తాడే, ఏడవలేక ఊరుకున్నట్టు, ఆ చూపు అంతసేపు ఉండేది హాల్లో నవ్వు సద్దుమణిగేదాకా. లారెల్ మామూలోడు కాదు, సీన్లు అల్లడం దగ్గర్నుంచి ఎడిటింగ్ దాకా అన్నిట్లోనూ ఉండేవాడు, చాప్లిన్‌తో పాటే ఫ్రెడ్ కార్నో అనే ఆయన నాటకాల కంపెనీ తరపున 1910లో ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చిన మనిషి. స్టేజీ మీద జనం నాడి పట్టుకున్నవాళ్ళు వీళ్ళంతా. అలా జనం కోసం కొలిచి కుట్టిన సినిమాని మెట్రోలో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే స్లోగానే ఉంటది మరి.

దీనికి తోడు యూట్యూబ్‌లో వీటిని పాడుచేసేవాళ్ళు వేరే. రంగులు పులుముతారు, వెనకాల నవ్వుల ట్రాక్ అతికిస్తారు, మూకీలైతే మరీ ఘోరం, పరుగులు పెట్టిస్తారు. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకి ఇన్ని ఫ్రేములని ఒక లెక్క ఉండేది కాదు, టాకీలొచ్చాకే 24 ఖాయమైంది. తక్కువ ఫ్రేములతో తీసిన మూకీని 24లో వేస్తే మనుషులు చీమల్లా గబగబా నడుస్తారు. ఛేజింగ్ సీన్లు కొన్ని కావాలనే అలా తీశారు, కాదనను, కానీ అన్నీ అలాగే ఉండేవని మనవాళ్ళు ఫిక్సైపోయారు. పాత సినిమా అంటే గబగబా నడవడమే కామెడీ అనుకునే యాంకర్లని చూస్తే ఒళ్ళు మండుతుంది.

మన తెలుగు కామెడీకి కూడా ఇదే జబ్బు పట్టిందని నా గట్టి నమ్మకం. లావు సన్నం జంట అంటే మనకి రేలంగి, రమణారెడ్డి ఉండేవాళ్ళు, రమణారెడ్డి ఆ పొడుగు చేతులు ఊపుకుంటూ నిలబడితే చాలు, మొహం, ఒళ్ళు, అంతే, ఇంకేం కావాలి. ఇప్పుడు చెంపదెబ్బ కొడితే టొయ్‌మని సౌండు, మొహం మీదకి జూమ్, దాని మీద ఇంకో పంచ్ డైలాగు. నవ్వడానికి సందివ్వరు.

సరే, మ్యూజిక్ బాక్స్ అయ్యాక ఏం చూపించాలి అంటే, మూకీల కాలం కమెడియన్ బస్టర్ కీటన్ చేసిన వన్ వీక్, 1920 మూకీ. కొత్తగా పెళ్ళైన జంట ముక్కలుగా పెట్టెల్లో వచ్చిన ఇల్లు బిగించుకుంటారు, పడనివాడొకడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు, ఇక ఆ ఇల్లు ఎలా తయారైందో మీరే చూడాలి. కీటన్ మొహంలో ఒక్కసారి కూడా నవ్వు కనపడదు, పిల్లలకి అదే పిచ్చిగా నచ్చుతుంది. చాప్లిన్ అయితే వన్ ఏఎం, 1916ది, తాగి ఇంటికొచ్చిన మనిషి పడుకోవడానికి పడే పాట్లు, దాదాపు మొత్తం ఆయనొక్కడే, గోడలోంచి కిందకి దిగే ఆ మంచంతో కుస్తీ మా చిన్నదానికి బాగా నచ్చింది. వన్ వీక్ పెట్టేటప్పుడు మాత్రం ఒక్క మాట, చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది, అక్కడ పక్కనున్నవాళ్ళకి ముందే ఏం చెప్పకండి, టీవీ సౌండ్ తగ్గించి పిల్లల మొహాలు చూడండి.